ఇంగ్లండ్ ముసలివాళ్ల మీద చమత్కార కథ: నవ్వు ఎక్కడ పుట్టాలి?

ప్రశ్న (తీరపుగాలి):
ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బెక్స్‌హిల్ లాంటి ఊరు, 2025 జనవరి, బస్టాపులో నలుగురు. అందరికీ డెబ్భై ఎనిమిదికి కాస్త అటూ ఇటూ. తెలుగు పాఠకుల కోసం పదిహేను వందల మాటల హాస్యకథ రాస్తున్నాను. చిత్తుప్రతిలో నవ్వంతా చెవుడు, మతిమరుపు, కట్టుడుపళ్ల చుట్టూనే తిరుగుతోంది. పైగా ఒకాయన రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన సైనికుడు, ఇంకొకాయన ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో కలెక్టరు. ఇద్దరూ ఎక్కడో చూసిన బొమ్మల్లా ఉన్నారు. ఆ తరాన్ని నమ్మేలా రాయాలంటే ఏం తెలియాలి?

పాతలెక్క:
ముందు పుట్టిన సంవత్సరం తేల్చుకోండి. 2025లో 78 అంటే 1947. యుద్ధం వీళ్ల నాన్నలది. 1945లో పద్దెనిమిదేళ్ల సైనికుడికి 2025లో 98. మీ కలెక్టరు దొరకైతే నూరు దాటాలి. ఇద్దర్నీ తీసేయండి. నిర్బంధ సైనిక సేవ కూడా వీళ్లను తాకలేదు, 1960తో పిలుపులు ఆగిపోయాయి.

వీళ్లకు నిజంగా గుర్తుండేవి వేరు. మిఠాయిల మీద రేషన్ 1953 ఫిబ్రవరిలో ఎత్తేశారు, మాంసం మీద 1954 జులైలో. అంటే ఐదారేళ్లదాకా చాక్లెట్టుకు కూపను కావాలి. పదకొండో ఏట రాసిన పరీక్ష ఎవరు గ్రామర్ స్కూలుకో (నెగ్గినవాళ్లను చేర్చుకునే పెద్ద చదువుల బడి) తేల్చేసింది. అందులో తప్పినవాళ్లు డెబ్భై ఎనిమిదేళ్లకూ దాన్ని మరిచిపోరు, కథకు ఇది మంచి ముడిసరుకు. 1966లో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచేనాటికి పంతొమ్మిదేళ్లు. 1971 ఫిబ్రవరి 15న డబ్బు లెక్క మారింది: అంతదాకా పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన 1957 మన పెద్దవాళ్లకు గుర్తే కాబట్టి, ఈ చోట వివరణ లేకుండానే నడిచిపోతుంది.

పేర్లలోనూ పప్పులో కాలేస్తుంటారు. ఈడిత్, ఆడా, ఫ్లారెన్స్ అనేవి వీళ్ల అమ్మమ్మల పేర్లు. ఇప్పుడు మునిమనవరాళ్లకు మళ్లీ పెడుతున్నారు. 1947 నాటి ఆడవాళ్లు మార్గరెట్, క్రిస్టీన్, మౌరీన్, బ్రెండా. మగవాళ్లు కీత్, బ్రయన్, రోజర్, బారీ.

భారతదేశంతో ముడి కావాలంటే దొరల కాలానికి వెళ్లనక్కర్లేదు. అరవైలు, డెబ్భైల్లో గుంటూరు, విశాఖ కాలేజీల్లో చదివినవాళ్లతో సహా ఎందరో మన డాక్టర్లు బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరారు. అక్కడి డాక్టర్లు పెద్దగా ఇష్టపడని వృద్ధుల వైద్యంలో చాలామంది స్థిరపడ్డారు. మౌరీన్ వాళ్లమ్మను ఆఖరు రోజుల్లో చూసుకున్న డాక్టరు తెలుగాయన కావడం పూర్తిగా సహజం.

పదో_నంబరు_బస్సు:
బస్టాపు మీ చేతిలో ఉండగా కట్టుడుపళ్లు ఎందుకండీ? ఇంగ్లండ్‌లో పెన్షన్ వయసు వచ్చినవాళ్లకు బస్సు ఉచితం. కానీ పనిరోజుల్లో ఉదయం 9:30 నుంచి రాత్రి 11 వరకే. శని, ఆదివారాలు, బ్యాంకు సెలవుల్లో రోజంతా. ఇప్పుడు 9:26కి ఒక బస్సును రప్పించండి. తర్వాతి బస్సు 9:56కి. ఆ నాలుగు నిమిషాలకు టికెట్ కొనాలంటే గరిష్ఠంగా 3 పౌన్లు (2025 జనవరి నుంచి ఇదే పరిమితి, అంతకుముందు 2 పౌన్లు). నలుగురికీ అప్పు లేని సొంతిళ్లున్నాయి. నలుగురూ చలిగాలిలో బస్సును వదిలేస్తారు. వాళ్లది పిసినారితనం కాదు, హక్కుగా వచ్చినదానికి డబ్బు కట్టకూడదన్న పట్టుదల. పోయేది ఎంత చిన్న మొత్తమైతే పట్టుదల అంత పెద్దదిగా కనిపిస్తుంది. కీత్ జేబులోంచి 3 పౌన్లు తీసి బస్సెక్కేస్తే అది ద్రోహం, కథ మలుపు తిరిగేది అక్కడే.

కథ చెడే చోట్లు చెబుతాను. శనివారం పెడితే కూలిపోతుంది. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో పెట్టినా అంతే: అక్కడ అరవై నుంచే పాసు, ఈ వేళల కట్టడి లేదు. ఇంగ్లండ్‌లోనూ కొన్ని కౌన్సిళ్లు ముందే అనుమతిస్తాయి, అందుకని ఊరికి కల్పిత పేరు పెట్టుకోండి. నియమాన్ని మొదటి పేరాలో వివరించొద్దు. డ్రైవరు గడియారం వైపు చూసి తల అడ్డంగా ఊపితే చాలు, మూడో వాక్యానికల్లా పాఠకుడికి అర్థమవుతుంది.

క్రియాంతం:
వాక్యం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, నవ్వించే మాట మధ్యలో మునిగిపోతుంది. ఎనభై నిండినవాళ్లకు పాత ప్రభుత్వ పెన్షన్ మీద వారానికి 25 పెన్నీలు అదనంగా ఇస్తారు. 1971లో పెట్టారు, ఇప్పటిదాకా పెంచలేదు. ఏడాదికి 13 పౌన్లు. దీన్ని “ఎనభై నిండినందుకు ప్రభుత్వం మార్గరెట్‌కు వారానికి 25 పెన్నీలు పెంచింది” అని రాస్తే వార్త. “ఎనభై నిండినందుకు ప్రభుత్వం మార్గరెట్‌కు పెంచింది వారానికి 25 పెన్నీలు” అంటే అంకె చివర పడి మోగుతుంది. కథ మొత్తం మీద ఇలా మూడు నాలుగు చోట్లే చేయండి, మించితే పాఠకుడు ముందే కనిపెట్టేస్తాడు.

పిలుపుల్లో “గారు” వద్దు, ఊరు తెనాలి అయిపోతుంది. వాళ్లు పేర్లతోనే పిలుచుకుంటారు. దంపతుల మధ్య రెండువైపులా “నువ్వు”, పాత స్నేహితులూ అంతే. కీత్ టికెట్ కొన్న మరుక్షణం మౌరీన్ అతన్ని “మీరు” అనాలి. కోపం గురించి ఇంకో మాట రాయక్కర్లేదు.

ఉత్తరాల_సంచి:
బస్సు ఆలోచన బాగుంది. కానీ నియమాల మీద నవ్వే సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఈ తరం ఇప్పుడు స్నేహితుల్ని పోగొట్టుకుంటోంది. ఆ బరువు కిందుంటేనే పైన చమత్కారం నిలబడుతుంది, దాన్ని కూడా లెక్కలోంచే రానివ్వండి.

క్రిస్మస్ కార్డుల జాబితా చూడండి. 2015లో సెకండ్ క్లాస్ (నెమ్మదిగా వెళ్లే చవక తపాలా) స్టాంపు 54 పెన్నీలు, 2025లో 87. బ్రెండా అప్పుడు 60 కార్డులు పంపింది: 32 పౌన్ల 40 పెన్నీలు. ఇప్పుడు 37: 32 పౌన్ల 19 పెన్నీలు. ఇరవై ముగ్గురు పోయారు, మిగిలింది 21 పెన్నీలు. ఆమె ఈ లెక్క బస్టాపులో స్టాంపుల ధర మీద ఫిర్యాదుగానే చెప్పాలి. ఎవరూ ఓదార్చకూడదు. రోజర్ “ఫస్ట్ క్లాస్ ఇంకా ఘోరం” అనాలి, అది నిజమే, 2025లో 1 పౌను 70. జనవరిలో కథంటే ఈ మధ్యే పంపిన 2024 కార్డులన్నమాట, ఈ ధరలకది కుదరదు. 2025 ఏప్రిల్‌లోనే సెకండ్ క్లాస్ స్టాంపు 87 అయింది. కథను డిసెంబరుకు జరపండి.

తీరపుగాలి:
డిసెంబరుకు మారుస్తున్నాను. సైనికుడు, దొర ఇద్దరూ పోయారు. ఆ 25 పెన్నీలు ఎవరికైనా వస్తాయా?

క్రియాంతం:
అందరికీ కాదు. 2016 ఏప్రిల్ 6కు ముందే పెన్షన్ వయసు వచ్చినవాళ్లకే. మగవాళ్లయితే 1951 ఏప్రిల్ 6కు ముందు, ఆడవాళ్లయితే 1953 ఏప్రిల్ 6కు ముందు పుట్టి ఉండాలి. మీ నలుగురూ ఆ లెక్కలోకి వస్తారు, కానీ 78కి అది అందదు. మార్గరెట్ ఒక్కదాన్నీ 1945లో పుట్టించండి. అప్పుడు మిఠాయి రేషన్ పోయేసరికి ఆమెకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో, ఆ వాక్యం కూడా సరిచూసుకోండి.