కంది ఆకు సారంలో 433.11: ఒకే ద్రవ్యరాశికి మూడు పీకులు వస్తే ఏ పేరు రాయాలి?

ప్రశ్న (కందిచేను)

నమస్కారం. నీటి ఎద్దడి కలిగినప్పుడు కంది ఆకుల్లోని మెటబొలైట్లు (జీవక్రియల్లో తయారయ్యే చిన్న అణువులు) ఎలా మారతాయన్నది నా పరిశోధన విషయం. కుండీల్లో పెంచిన మొక్కల్లో 24 మొక్కలకు క్రమంగా నీరు పెట్టి, మరో 24 మొక్కలకు పూతకు ముందు పది రోజులు నీరు ఆపాను. కోసిన ఆకులను వెంటనే ద్రవ నత్రజనిలో ముంచి పొడి చేసి, ఒక్కొక్క మొక్క నుంచి 100 మిల్లీగ్రాముల పచ్చి పొడిని తూచి, 80 శాతం మిథనాల్‌తో సారం తీశాను. సి18 కాలమ్ (సారంలోని పదార్థాలను వేరుచేసే గొట్టం), ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీరు, అసిటోనైట్రైల్, పాజిటివ్ మోడ్‌లో ఎలక్ట్రోస్ప్రే (అణువులను అయాన్లుగా మార్చే పద్ధతి), ద్రవ్యరాశి కొలిచే ఆర్బిట్రాప్ పరికరం వాడాను.

అయాన్ ద్రవ్యరాశి 433.1129 వద్ద 5.9, 6.2, 6.9 నిమిషాల్లో మూడు పీకులు (సిగ్నల్ శిఖరాలు) వచ్చాయి. ద్రవ్యరాశిలో తేడా 2 పీపీఎమ్ (పది లక్షల్లో రెండు వంతులు) కూడా లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం మూడింటికీ అపిజెనిన్-7-గ్లూకోసైడ్ అనే పేరే పెట్టింది. మొదటి రెండు పీకులు ఎద్దడి మొక్కల్లో దాదాపు సగానికి తగ్గాయి. పైగా, ఎద్దడిలో పెరుగుతుందని అందరూ చెప్పే ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం నా ఫలితాల్లో ఏ తేడా చూపడం లేదు. ఈ మూడు పీకులకు ఏ పేర్లు రాయాలో, ప్రోలిన్ విషయంలో ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియజేయగలరు.

సమాధానం 1 (పాత కాలమ్)

సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు కానీ, దానికి తెలిసినదానికంటే ఎక్కువ చెప్పింది. ద్రవ్యరాశిని ఎంత ఖచ్చితంగా కొలిచినా దాని నుంచి వచ్చేది ఫార్ములా మాత్రమే. ఇక్కడ అది 21 కార్బన్, 20 హైడ్రోజన్, 10 ఆక్సిజన్. ఈ ఫార్ములా ఉన్న పదార్థాలు చాలా ఉన్నాయి. కంది ఆకులో ఉంటాయని బాగా తెలిసిన, చక్కెర నేరుగా కార్బన్‌కు అతుక్కున్న వైటెక్సిన్, ఐసోవైటెక్సిన్ రెండింటిదీ ఇదే ఫార్ములా. కంది పప్పుజాతి మొక్క కాబట్టి జెనిస్టిన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి, దానిదీ ఇదే.

మీరు ఎమ్‌ఎస్/ఎమ్‌ఎస్ స్పెక్ట్రాలను (అయాన్‌ను విరగ్గొట్టినప్పుడు వచ్చే ముక్కల ద్రవ్యరాశులు) తెరిచి చూడండి. చక్కెర ఆక్సిజన్ ద్వారా అతుక్కుని ఉంటే అది మొత్తంగా ఊడిపోతుంది, 162 తగ్గి 271.06 బలంగా కనిపిస్తుంది. నేరుగా కార్బన్‌కు అతుక్కుని ఉంటే ఊడి రాదు, చక్కెర వలయమే మధ్యలో విరిగి 120 తగ్గుతుంది, 313.07 వస్తుంది. మొదటి రెండు పీకుల్లో 313 ఉండి 271 నామమాత్రంగా ఉంటే అవి అపిజెనిన్-7-గ్లూకోసైడ్ కావు. ఆ రెండింటిలో నీటి అణువులు ఎక్కువగా కోల్పోయి 415, 397 అయాన్లను బలంగా చూపేది సాధారణంగా ఐసోవైటెక్సిన్. సి18 మీద వైటెక్సిన్ సాధారణంగా ముందు వస్తుంది కాబట్టి 5.9 వద్ద ఉన్నది అదే కావచ్చు.

మూడో పీకు 271 చూపినా తొందరపడవద్దు, ఎందుకంటే జెనిస్టిన్ కూడా 271 చూపుతుంది. మీ పరికరానికి పీడీఏ డిటెక్టర్ (కాంతి శోషణను కొలిచేది) ఉంటే 335 నానోమీటర్ల దగ్గర చూడండి. అపిజెనిన్ గ్లూకోసైడ్లకు అక్కడ బలమైన శోషణ ఉంటుంది, జెనిస్టిన్‌కు చిన్న భుజం లాంటి వంపు తప్ప ఏమీ కనబడదు.

పేరు రాసే విషయంలో 2007లో మెటబొలోమిక్స్ స్టాండర్డ్స్ ఇనిషియేటివ్ గుర్తింపు ఎంత నమ్మదగినదో చెప్పే నాలుగు స్థాయిలు ప్రతిపాదించింది. అసలు స్టాండర్డ్‌ను (ఏ పదార్థమో ముందే తెలిసిన శుద్ధ నమూనా) మీ ప్రయోగశాలలో అవే పరిస్థితుల్లో ఇంజెక్ట్ చేసి, రిటెన్షన్ టైమ్ (కాలమ్ నుంచి బయటకు వచ్చే సమయం), స్పెక్ట్రమ్ వంటి రెండు స్వతంత్ర లక్షణాలు సరిపోతేనే మొదటి స్థాయి. డేటాబేస్ స్పెక్ట్రంతో మాత్రమే పోల్చి చూస్తే రెండో స్థాయి, అప్పుడు పేరు ముందు ‘బహుశా’ అని రాయడం మర్యాద.

సమాధానం 2 (క్యూసీ పిచ్చోడు)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూనే ఒక మాట. పేరు తప్పయితే తర్వాత దిద్దుకోవచ్చు, ‘సగానికి తగ్గింది’ అన్నదే తప్పయితే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. శాంపిళ్లను ఏ వరుసలో ఇంజెక్ట్ చేశారో మీరు చెప్పలేదు. నీరు పెట్టిన 24 ముందు, ఎద్దడివి 24 తర్వాత నడిపి ఉంటే, అయాన్ సోర్స్ (అయాన్లు తయారయ్యే భాగం) మురికి పట్టి సిగ్నల్ తగ్గిన ప్రభావమంతా ఎద్దడి ఖాతాలో పడుతుంది. ఆకు సారం లాంటి చిక్కని శాంపిళ్లతో ఇది తరచూ జరిగేదే.

పరీక్షించడానికి కొత్త ప్రయోగం అక్కరలేదు. నీరు పెట్టిన మొక్కలను మాత్రమే తీసుకుని, ఇంజెక్షన్ సంఖ్యకు ఎదురుగా పీకు వైశాల్యాన్ని గీయండి. ఆ మొక్కల మధ్య ఎద్దడి తేడా లేదు కనుక గీత కిందికి వాలితే అది పరికరం వాలుడే.

ఇంకొక అనుమానం మీ తూకం మీద. ఎద్దడి ఆకులో నీరు తక్కువ, కాబట్టి 100 మిల్లీగ్రాముల పచ్చి పొడిలో దాని పొడి పదార్థం ఎక్కువ ఉంటుంది, అందువల్ల ప్రతి మెటబొలైటూ పెరిగినట్టు కనిపించే వీలుంది. అంటే ఒక లోపం కిందికి లాగుతుంటే మరొకటి పైకి తోస్తోంది. ఆకులను లయోఫిలైజ్ చేసి (గడ్డకట్టించి శూన్యంలో ఆరబెట్టి) పొడి బరువు మీదే తూచండి.

సమాధానం 3 (హిలిక్)

ప్రోలిన్ గురించి మాత్రమే చెబుతాను. అది నీటిని అమితంగా ఇష్టపడే చిన్న అణువు, 116.07 వద్ద చూడాలి. సి18 కాలమ్ దాన్ని పట్టుకోలేదు, లవణాలు, చక్కెరలతో కలిసి మొదటి నిమిషంలోనే బయటకు పోతుంది. ఆ గుంపులో అయనీకరణం అణగిపోతుంది, ఎద్దడి ఆకులో కరిగే చక్కెరలు పెరిగి ఉంటే మరీనూ. అదే సారాన్ని హిలిక్ కాలమ్ (నీటిని ఇష్టపడే అణువులను పట్టి ఉంచేది) మీద నడిపితే ప్రోలిన్ విడిగా నిలుస్తుంది. బరువైన ఐసోటోపులున్న ప్రోలిన్‌ను సారం తీసే ద్రావణంలోనే కలిపితే అణచివేతను కూడా సరిచేసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు (కందిచేను)

అందరికీ కృతజ్ఞతలు. మొదటి రెండు పీకుల్లో 313 బలంగా ఉంది, 271 దాదాపు లేదు. మూడోది నేరుగా 271 ఇస్తోంది. వరుస విషయంలో భయపడినంతా నిజమైంది. నీరు పెట్టినవే ముందు నడిపాను, వాటిలోనే మొదటి ఇంజెక్షన్ నుంచి 24వ దానికి వైశాల్యం మూడో వంతు తగ్గింది. మిగిలిన ఆకు పొడి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంది కాబట్టి మళ్లీ మొదలుపెడతాను. అన్ని సారాల నుంచి కొంచెం కొంచెం తీసి కలిపిన క్యూసీని (నాణ్యత తనిఖీ శాంపిల్) ఎన్ని ఇంజెక్షన్లకు ఒకసారి పెట్టాలి?

సమాధానం 2 మళ్లీ (క్యూసీ పిచ్చోడు)

ఐదింటికి ఒకటి చాలు. కాలమ్ కుదుటపడటానికి మొదట అదే క్యూసీని ఐదారు సార్లు నడిపి ఆ ఫలితాలను పక్కన పెట్టండి. తర్వాత 48 శాంపిళ్లను లాటరీ తీసినట్టు కలిపేయండి, బ్లాంకులను (సారం లేని ఉత్త ద్రావణం) మరవకండి. క్యూసీల్లో సాపేక్ష విచలనం (సగటుతో పోలిస్తే విలువల చెదురు) 30 శాతం దాటిన పీకు ఎంత అందమైన కథ చెబుతున్నా వదిలేయండి.

సమాధానం 1 మళ్లీ (పాత కాలమ్)

వైటెక్సిన్, ఐసోవైటెక్సిన్ స్టాండర్డ్లు రెండూ దొరుకుతాయి. వాటిని విడిగా నడపడంతో ఆగకుండా, మీ ఆకు సారంలో కొద్దిగా కలిపి కూడా నడపండి. 5.9 పీకు చీలకుండా ఎత్తు మాత్రమే పెరిగితే, అప్పుడు ‘బహుశా’ తీసేయవచ్చు.