హిమాయత్ రుచి, ఏటేటా కాపు: మొలక ఆకును పరీక్షిస్తే తెలుస్తుందా?

ప్రశ్న (మణికొండ, హైదరాబాద్):
వికారాబాద్ దగ్గర మాకు రెండెకరాల మామిడి తోట ఉంది. అందులోని హిమాయత్ పండుకు రుచిలో సాటి లేదు గానీ, ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు పూత కూడా సరిగా రాదు. ఏటా కాసే నీలంతో దాన్ని సంకరం చేసి, మొలకల ఆకులకు జన్యు పరీక్ష చేయించి, మంచివాటినే పెంచవచ్చునా? ఏడెనిమిదేళ్లు కాపు కోసం ఎదురుచూసే వయసు కాదు నాది.

తోటమాలి:
ఈ జంటను కోడూరు పండ్ల పరిశోధన కేంద్రంలో ఏనాడో కలిపారండీ. అలా వచ్చిన రకమే నీలుద్దీన్. మన సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం రుమానీ అనే మామిడిని నీలంతో కలిపి మంజీర రకాన్ని తెచ్చింది. అయితే మామిడిలో ఒకే తల్లిదండ్రుల పిల్లలు ఒకే తీరుగా ఉండవు. దసేరి, నీలం రకాలను కలపగా వచ్చిన ఆమ్రపాలి పొట్టి చెట్టు, చిన్న కాయ. అదే జంటను తారుమారు చేయగా వచ్చిన మల్లికది పెద్ద కాయ. పైగా ఒక్కో గెలలో వందల పూలున్నా నిలిచే కాయలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఒక్కో కాయకు ఒకటే టెంక. కాబట్టి చేతితో పరాగం అద్ది ఎంపికకు సరిపడా మొలకలు సంపాదించడమే పెద్ద తపస్సు.

మొక్కల జన్యుశాస్త్ర విద్యార్థి:
ఆకు పరీక్ష విషయానికి వస్తే, ఒకే జన్యువు మీద ఆధారపడిన గుణానికి అది చక్కగా పనిచేస్తుంది. బొప్పాయి మొక్క పోతుదో ఆడదో నారుమడిలోనే చెప్పగలుగుతున్నది అందువల్లే. బాదంలో చేదు పోయి పప్పు తీపి కావడానికి ఒక జన్యువులోని మార్పు కారణమని 2019లో తేలింది. రుచి, ఏటా కాపు మాత్రం అనేక జన్యువులు కలిసి నడిపే గుణాలు. మామిడి జన్యుక్రమం 2020లో వెలువడినా, వందల చెట్ల కాపును ఏళ్ల తరబడి కొలిచి ఆ లెక్కలను జన్యు సమాచారంతో జోడిస్తే తప్ప, మొలకను చూసి జోస్యం చెప్పలేము. మీకు దక్కే పదీ ఇరవై మొలకలకు పరీక్ష చేయించడం డబ్బు దండుగ.

ప్రశ్న అడిగినవారు:
అయితే నీలుద్దీన్ అంటు మొక్కలే పెట్టమంటారా?

తోటమాలి:
మొక్కలెందుకండీ, ఉన్న పాత చెట్లలో రెండింటి కొమ్మలు నరికి, వచ్చిన చిగుళ్లకు ఆ రకం పుల్లలతో అంటు కట్టించండి. రెండు మూడేళ్లలో కాపు చూడవచ్చు. మిగిలిన హిమాయత్ చెట్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ రుచి అచ్చంగా మరో రకంలో దిగుతుందని నేను పూచీ పడలేను.