ఇల్లు వెతకడానికి ముందే డబ్బు లెక్క తేల్చుకోవాలా, నాలుగు ఇళ్లు చూశాక తేల్చుకోవాలా?

కూకట్‌పల్లి నివాసి:
అద్దె ఇంట్లో ఉంటున్న మేము 80 లక్షల లోపు ఫ్లాటు కొనాలనుకుంటున్నాం. లోను ఎంత వస్తుందో తేలాకే ఇళ్లు చూడాలని నేను, చూస్తేగాని ఏం కావాలో తెలియదని నా భార్య వాదించుకుంటున్నాం. పెద్దలు ఏమంటారు?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
లెక్కే ముందండి. మోడల్ ఫ్లాటు చూసి మనసు పడి, ఆ పూటే టోకెన్ అడ్వాన్సు ఇచ్చేసి, తరువాత లోను చాలక ఆ డబ్బు కోసం బిల్డరు ఆఫీసు చుట్టూ తిరిగినవారిని ఎందరినో చూశాను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 80 లక్షల ఇంటికి రుణం 80 శాతానికి, అంటే 64 లక్షలకు మించదు. మీ జీతం, ఇప్పటికే కడుతున్న కిస్తీలు చూసి బ్యాంకు అంతకన్నా తక్కువే ఇవ్వవచ్చు. మిగిలిన 16 లక్షలు ఉంటే చాలని అందరూ అనుకుంటారు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే మరో 6 లక్షలు అవుతుంది. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు కాబట్టి ఇదంతా మీరు చేతి నుంచి పెట్టుకోవలసిందే. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ కింద ఇంకో 4 లక్షలు. అపార్టుమెంటు నిర్వహణ కోసం కట్టే కార్పస్ ఫండు, కప్‌బోర్డుల ఖర్చు వేరు. మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదిక కూడా ఇప్పుడే తెప్పించుకోండి, ఎప్పుడో తీర్చేసిన కార్డు బాకీ ఇంకా ఉన్నట్టు కనిపిస్తే సరిచేయించడానికి సమయం పడుతుంది.

నాగోలు గృహిణి:
అన్నయ్యగారి లెక్కతో నాకు పేచీ లేదు, వరుసతోనే ఉంది. బ్రోచరులో 1,200 చదరపు అడుగులంటే అది మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి స్థలంలో వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్. గోడల మధ్య మనకు దక్కే కార్పెట్ ఏరియా అంతకన్నా చాలా తక్కువని టేపు పట్టుకుని కొలిస్తేగాని అర్థం కాదు. ఒక ఫ్లాటులో మా మంచం, బీరువా కొలతలు వేసి చూస్తే పడక గది తలుపు పూర్తిగా తెరుచుకోదని తేలింది. ఆ సంగతి తెలియనివారు రెండు పడక గదులు చాలనుకుని లెక్క వేసుకుంటే, ఆ లెక్కే తప్పు కదా. చెక్కుబుక్కు ఇంట్లో పెట్టి, వానాకాలంలో వెళ్లి చూడమని చెల్లెమ్మకు చెబుతాను. సెల్లారులో నీళ్లు నిలుస్తాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
చెక్కుబుక్కు లేకుండా చూడడానికి నాకూ అభ్యంతరం లేదమ్మా. అయితే బ్యాంకు లోను ఇచ్చింది కాబట్టి కాగితాలన్నీ సవ్యంగా ఉన్నట్టేనన్న నమ్మకం మాత్రం వద్దు. పాత యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ మీ సొంత న్యాయవాదికి చూపించండి. స్థలం చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు అయిన ఎఫ్‌టీఎల్‌లోగాని, దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్‌లోగాని ఉందేమో చూసుకోండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక జరిగిన కూల్చివేతలు మనందరం చూశాం. ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. న్యాయవాది ఫీజును కూడా మొదటి లెక్కలోనే రాసుకోవాలి.

కూకట్‌పల్లి నివాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ లెక్కన మా దగ్గర సొమ్ము తక్కువే ఉంది. అందుకే జీఎస్టీ పడని, నిర్మాణం పూర్తయి నివాసానికి అనుమతి పత్రం (ఓసీ) వచ్చిన ఫ్లాట్లనే చూస్తాం, టేపు మా ఆవిడ తెస్తానంది. నిజాంపేట వైపు పదేళ్లు దాటిన ఫ్లాట్లకు బ్యాంకులు విలువ ఎలా కడుతున్నాయో తెలిసినవారు చెప్పగలరా?