ఇంట్లో చేసే పార్టీ క్రాకర్‌లో పేలే పట్టీ ఉండాలా, అక్కరలేదా?

రంగుకాగితం:
ఇక్కడ క్రాకర్ అంటే వత్తి ముట్టించే టపాకాయ కాదు. బ్రిటన్‌లో క్రిస్మస్ విందు బల్ల మీద ఒక్కొక్క పళ్లెం పక్కన ఉంచే రంగుకాగితపు గొట్టం అది. ఇద్దరు చెరొక కొస పట్టుకుని లాగితే టప్పుమని చిరిగి, లోపలి నుంచి కాగితపు కిరీటం, చిన్న కానుక, హాస్యపు చీటీ బయటపడతాయి. అక్కడి పెళ్లి విందులలో కూడా కొందరు వీటిని పెడుతుంటారు. అటువంటి ఒక పెళ్లికి 80 క్రాకర్లు ఇంట్లోనే చేసే పనిని నెత్తిన వేసుకున్నాను. పేలే పట్టీ మానేసి, విప్పి చూసుకునే పొట్లాలుగా చేస్తే చాలునని ఇంట్లో కొందరు అంటున్నారు. చప్పుడు లేనిదాన్ని క్రాకర్ అనవచ్చునా?

నిదానం:
తప్పకుండా అనవచ్చును. లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్, కాగితంలో చుట్టి కొసలు మెలితిప్పిన బాదం మిఠాయిలను 1840లలో పారిస్‌లో చూసి వచ్చి, అటువంటివే తన అంగడిలో అమ్మడంతో ఈ వస్తువు కథ మొదలైంది. మొదట మిఠాయి, ఆ తరువాత ప్రేమ పలుకుల చీటీ ఉండేవే తప్ప పేలుడు లేదు. చప్పుడు వెనుక వచ్చి చేరిన హంగు మాత్రమే. పైగా పట్టీలో ఉండేది ఒరిపిడికే పేలే సిల్వర్ ఫల్మినేట్. అది రవ్వంతే కావచ్చును గాని, బ్రిటన్‌లో 12 ఏళ్లు నిండని పిల్లలకు క్రాకర్లు అమ్మకూడదన్న నిబంధన ఊరికే పుట్టలేదు కదా.

కత్తెర:
నిదానం గారు చెప్పిన చరిత్ర నిజమే, అయితే అది వారి వాదనకే ఎదురు తిరుగుతుంది. మిఠాయి పొట్లంగా ఉన్నంతకాలం దాన్ని క్రాకర్ అనలేదు. చప్పుడు చేరాక కొన్నాళ్లు కొసాక్ అన్న పేరుతో అమ్మినా, చివరికి ఆ చప్పుడును బట్టే క్రాకర్ అన్న పేరు నిలిచింది. (పొయ్యిలో చిటపటలాడిన దుంగ వల్ల స్మిత్‌కు ఆ ఊహ తట్టిందన్న కథ మరీ అందంగా ఉంది కనుక దాన్ని సాక్ష్యానికి పిలవను.)

ఫల్మినేట్‌ను ఇంట్లో తయారుచేసే ఆలోచనే ఎవరికీ రాకూడదు. తయారైన పట్టీలు విడిగా అమ్ముతారు. రెండు సన్నని అట్టముక్కలు కొంత మేర ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఆ అతుకులో ఒకదానికి మందు, మరొకదానికి గరుకు పూత ఉంటుంది. కత్తెర గాని, స్టేప్లర్ గాని ఆ అతుకు దగ్గరికి పోనివ్వకండి.

అసలు చిక్కు చుట్టడంలో ఉంది. నేను మొదటిసారి చేసిన 6 క్రాకర్లలో 4 మూగవైపోయాయి. పట్టీ కొసలను కాగితంలో దాచి అందంగా మడిచాను. లాగినవారి వేళ్లకు కాగితమే అందింది, అది సర్రున చిరిగి ఊరుకుంది, పట్టీ మాత్రం గొట్టంలో చెక్కుచెదరకుండా పడి ఉంది. పట్టీని నడిమి గొట్టానికి అంటించకుండా, దాని రెండు కొసలనూ కాగితం అంచుల దగ్గర అంటించి, లాగేవారి పిడికిలిలో కాగితంతోపాటు అవి కూడా పడేలా చూడాలి. దళసరి కాగితం, బిగుతైన రిబ్బన్ ముడి రెండూ పనికిరావు.

నిదానం:
పేరు విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, చంటిపిల్లల విషయంలో ఒప్పుకోను. రంగుకాగితం గారు వీటిని విమానంలో తీసుకువెళ్లే ఉద్దేశంలో ఉంటే అది కూడా ఆలోచించుకోవాలి. అమెరికా విమానాశ్రయాలలో చేతిసంచిలోనూ, లోపల వేసే సామానులోనూ క్రాకర్లను అనుమతించరు, ఇంట్లో చేసినవాటిని ఇతర చోట్ల కూడా తిరస్కరించే విమాన సంస్థలున్నాయి. మరొక ప్రశ్న: పెద్ద ముక్క ఎవరి చేతికి వస్తే కానుక వారిదే అన్న ఆనవాయితీ ఉంది కదా, అతిథి పేరు రాసిన కానుక పక్కవారి పాలైతే ఏమి చేస్తారు?

రంగుకాగితం:
అది నాకు తోచనే లేదు. ఇప్పటికే 20 కానుకల మీద పేర్లు రాసి కూర్చున్నాను. అవి తీసివేసి, పేరును పైన కట్టే చీటీకి మార్చి, లోపల అందరికీ ఒకే రకం బాదం మిఠాయి పెడతాను. పట్టీలు వేస్తాను, చంటిపిల్లల బల్లకు వెళ్లే 9 క్రాకర్లకు మాత్రం వేయను. వాటికి వేరే రంగు రిబ్బన్ కట్టకపోతే పెట్టేటప్పుడు నేనే కలగాపులగం చేస్తాను.