తైపే 101, షాంఘై టవర్ డాంపర్లను ఏ బరువుతో పోల్చాలి?

గాలికి ఊగడాన్ని ఈ రెండు భవనాలు డాంపర్‌తో (భవనం ఊపుకు ఎదురుగా ఊగి దాన్ని తగ్గించే పెద్ద బరువు) ఎలా అదుపు చేస్తాయో పోల్చి ఒక రిపోర్ట్ రాస్తున్నాను. లెక్క ఒక్కచోట ఆగిపోయింది.

తైపే 101 ఎత్తు 508 మీటర్లు. 660 టన్నుల ఉక్కు గోళం 92వ అంతస్తు నుంచి కేబుళ్లతో వేలాడుతుంది, హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లు ఆ గోళం ఊపును తగ్గిస్తాయి. షాంఘై టవర్ 632 మీటర్లు. అక్కడి డాంపర్ దాదాపు 1000 టన్నులు, పనిచేసేది అయస్కాంతాలతో, ఎడ్డీ కరెంట్ పద్ధతిలో (అయస్కాంతం, లోహం ఒకదాని పక్కన ఒకటి కదిలినప్పుడు లోహంలో పుట్టే కరెంట్ ఆ కదలికను అడ్డుకుంటుంది). పైగా భవనమే దాదాపు 120 డిగ్రీలు మెలితిరిగి ఉంటుంది కాబట్టి గాలి ఒత్తిడి ముందే తగ్గుతుంది. (నాకైతే ఇదే అసలు తెలివైన పని అనిపించింది.)

మొదట డాంపర్ బరువును భవనం మొత్తం బరువుతో భాగించాను. రెండింటికీ 0.1 శాతం దగ్గరే వచ్చింది, తేడా ఏమీ తెలియలేదు. తర్వాత మొత్తం బరువుకు బదులు మొదటి మోడ్ మాస్ తీసుకున్నాను, అంటే భవనం తన ప్రధాన ఊపులో (మొదటి మోడ్‌లో) ఊగేటప్పుడు లెక్కలోకి వచ్చే బరువు. బరువు అన్ని అంతస్తుల్లో సమానమని, మోడ్ షేప్ (ఊగేటప్పుడు ఏ ఎత్తు ఎంత కదులుతుందో చూపే ఆకారం) సరళరేఖ అని అనుకుంటే అది మొత్తంలో మూడో వంతు. కానీ షాంఘై టవర్ పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, పైన బరువు తక్కువ కాబట్టి అక్కడ మూడో వంతు అనుకుంటే అసలు విలువ కన్నా ఎక్కువే అవుతుంది.

సాఫ్ట్‌వేర్ మోడల్ లేకుండా, చేత్తో చేసే లెక్కలో ఇలా సన్నబడే భవనానికి మొదటి మోడ్ మాస్‌ను మొత్తం బరువులో ఎన్నో వంతుగా తీసుకోవాలి?