ఆరుద్ర పురుగు నిన్నటిదాకా ఎక్కడుంది?

మొన్న శనివారం రాత్రి నల్గొండ దగ్గర మా ఊళ్లో గట్టి వాన పడింది. పొద్దున చెలక గట్టు మీద మా పాప ఒకటే కేక: "నాన్నా, వెల్వెట్ నడుస్తోంది!" వంగి చూస్తే ఆరుద్ర పురుగు. నేను చూసి పదిహేనేళ్లు దాటింది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి పరిచి ఐదారింటిని బడికి తీసుకెళ్లేవాళ్లం. మర్నాటికి చచ్చిపోయేవి, పాపం. "నిన్నటిదాకా ఇది ఎక్కడుంది?" అని పాప అడిగింది. వానతో పాటు ఆకాశం నుంచి పడతాయని మా నాయనమ్మ చెప్పేది. అదే చెప్పబోయి ఆగాను. ఏడేళ్ల పిల్ల, నమ్మదు. ఇంకో సందేహం, ఆరుద్ర కార్తె ఇంకా రానేలేదు, మృగశిరే నడుస్తోంది. మరి ఇది తొందరపడిందా?

— పత్తిరైతు:
అదృష్టవంతులు. మా చేలో అవి కనబడక ఎన్నేళ్లయిందో. మేం పచ్చదోమకని కొట్టే మందు దోమ దగ్గరే ఆగుతుందా? పైగా నూనె తీస్తారని వీటిని ఏరి అమ్ముకునేవాళ్లు కూడా ఉన్నారు.

— రిటైర్డ్ జువాలజీ మాస్టారు:
ముందు పాపను కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. పురుగంటాం గానీ ఇది సాలీడు, తేలు, పిడుదుల వైపు బంధువు.

నిన్నటిదాకా అది మీ కాళ్ల కిందే ఉంది, మట్టిలో. ఒంట్లో తడి ఆరితే బతకదు, అందుకే ఎండలకు పైకి రాదు. వాన నేలలోకి ఇంకితేనే వస్తుంది. కార్తెల లెక్క మనది, దానికి కావాల్సింది తడి. అదే వానకు ఉసిళ్లు, అంటే రెక్కల చెదలు, లేస్తాయి కదా, వీధి దీపం చుట్టూ మూగేవి? రెక్కలు రాలి నేల మీద పాకే ఆ ఉసిళ్లే దీనికి విందు. జత వెతుక్కోవడమూ అప్పుడే. అమెరికాలో మోహావే ఎడారిలో దీని చుట్టాలున్నాయి. అవీ అంతే, వాన పడి చెదలు ఎగిరిన రోజున కాసేపు బయట తిరిగి మళ్లీ ఇసుకలో దూరిపోతాయి.

అంత ఎర్రగా పట్టపగలు తిరిగినా పిట్టలు పెద్దగా ముట్టుకోవు. రుచి బాగోదు, ఆ సంగతి రంగే చెప్పేస్తుంది.

గుడ్లు మట్టిలో పెడుతుంది. పిల్లలకు ఆరు కాళ్లే. అవి మిడతల్లాంటి వాటిని పట్టుకుని రసం పీల్చి, కొన్నాళ్లకు రాలి నేలలోకి పోతాయి. ఈసారి మిడత దొరికితే రెక్కల మొదట్లో చూడండి.

— అడిగినవాడినే:
మాస్టారూ, రాఖీకి ఊరెళ్లాం. పాప పొద్దంతా మిడతల వెంటే. పదకొండోదానికి రెక్క కింద మూడు ఎర్ర చుక్కలు! ఫోటో తీసేలోపు ఎగిరిపోయింది. వాటిని అగ్గిపెట్టెలో పెట్టొచ్చా అని అడిగింది. వద్దన్నాను.