గీత మొదటి అధ్యాయంలోనే ఆగిపోతున్నాను, ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్ కోసం డాలస్ వచ్చి 4 నెలలైంది. నాన్నగారు సూట్‌కేసులో భగవద్గీత పెట్టి పంపారు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నేనెవరు, దేవుడెవరు అన్నది నిజంగా తెలుసుకోవాలని ఉంది. సంస్కృతం రాదు. పెద్దవాళ్ళు దారి చెప్పండి.

—

తమ్ముడూ, మొదటి అధ్యాయంలో ఎక్కువగా వీరుల పేర్లు, శంఖాలు, అర్జునుడి దుఃఖం ఉంటాయి. కృష్ణుడి ఉపదేశం రెండో అధ్యాయం 11వ శ్లోకంతో మొదలవుతుంది. శంకరాచార్యులు కూడా శ్లోకాల వివరణ అక్కణ్ణుంచే ఎత్తుకున్నారు. నువ్వూ అక్కడే పట్టుకో. 700 శ్లోకాలూ ఈ సెమిస్టర్‌లోనే అయిపోవాలని టెన్షన్ వద్దు. రోజుకు ఒక్కటి. పైకి చదువు, ప్రతిపదార్థం చూడు, ఆ తర్వాతే తాత్పర్యం.

సగం మాటలు తెలుగులో ఉన్నవే కదా అనిపిస్తుంది. జాగ్రత్త అక్కడే కావాలి. మనం యోగం అంటే అదృష్టం అనుకుంటాం, ఆత్మ అంటే చనిపోయినవాళ్ళు గుర్తొస్తారు. గీతలో ఆ అర్థాలు పెట్టుకుంటే దారి తప్పుతాం.

నీ ప్రశ్నకు మాత్రం ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయం తప్పక చదువు. శ్వేతకేతువు 12 ఏళ్ళకు గురుకులానికి వెళ్ళి, 24 ఏళ్ళకు వేదాలన్నీ చదివానన్న గర్వంతో ఇంటికొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు ఉప్పు ఇచ్చి, నీళ్ళలో వేసి పొద్దున రమ్మంటాడు. పొద్దున్నే ఆ ఉప్పు తీసివ్వమంటే కొడుక్కి దొరకదు. పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి రుచి చూడమంటాడు. అంతటా ఉప్పే. సత్తు, అంటే అన్నిటికీ మూలమైన ఉనికి, కూడా ఇలాగే ఇక్కడే ఉంది, నీకు కనబడటం లేదు, అదే నువ్వు అంటాడు. తత్త్వమసి అన్న ఆ మాట ఆ అధ్యాయంలో 9 సార్లు వస్తుంది. మా అమ్మాయితో వంటింట్లో గ్లాసు పెట్టి ఇది చేసి చూశాను. మూడో గుక్కకు తను మాట్లాడకుండా నా వైపు చూసింది. ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు అంత స్పష్టంగా తెలియలేదు.

ఆ సత్తునే బ్రహ్మం అంటారు. ఆ ఒక్క వాక్యాన్నే శంకరులు జీవుడూ బ్రహ్మమూ ఒకటే అని చదివారు, రామానుజులు జీవుడు బ్రహ్మానికి శరీరం అన్నారు, మధ్వాచార్యులు ‘అతత్ త్వమసి’ (నువ్వు అది కాదు) అని విడగొట్టి భేదమే చెప్పారు. మూడూ ఒకేసారి వీడియోల్లో వింటే తల తిరుగుతుంది. మీ ఇంటి సంప్రదాయం ఏదో నాన్నగారిని అడిగి, ఏడాదిపాటు ఆ ఒక్క భాష్యం వెంటే ఉండు.

—

అన్నయ్య చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను బాబూ. ఒంటరిగా చదవకు. వారానికోసారి నాన్నగారికి ఫోన్ చేసి, ఆ వారం శ్లోకాలు చదివి వినిపించు. ఆయనకు అక్కడ ఆదివారం పొద్దున, నీకు ఇక్కడ శనివారం రాత్రి. అర్థం కానివి రాసిపెట్టుకుని మా ఇంటికి రా, నలుగురం కలిసి చదువుతున్నాం. ఇప్పుడు పన్నెండో అధ్యాయంలో ఉన్నాం, 20 శ్లోకాలే. భోజనం మా ఇంట్లోనే.